డ్యూటీలో ఉన్నవాడి కంచం

బాబ్జీ! ఒరే బాబ్జీ! నువ్వు ఇక లేవన్న మాట మా ఊరు ఉస్లాపూర్ అంతా నమ్మాక, అందరి తరవాత నేను నమ్మాను.

చదివేవాళ్ళకి ముందు సంగతి చెప్పాలి. మా చిన్నబ్బాయి బాబ్జీ సరుకుల ఓడలో వంటవాడు. పోయిన వానాకాలంలో ఆ ఓడ తుఫానులో మునిగిపోయింది. కొంతమందిని ఇంకో ఓడవాళ్ళు బతికించి ఒడ్డుకి తెచ్చారు. వాళ్ళలో మావాడు లేడు. కడసారి చూపుకి ఒళ్ళు కూడా దొరకలేదు.

మొదటిసారి ఫోను వచ్చినప్పుడు ఓడతో మాట అందడం లేదని మాత్రమే చెప్పారు. ఫోను తీసింది మా ఆయన. గూడ్సు బండి డ్రైవరుగా చేసి రిటైరయిన మనిషి. ఆయన అడిగిన మొదటి మాట, "ఆఖర్న ఏ స్టేషన్ దాటింది సార్?" అవతలివాళ్ళు ఏం చెప్పారో తెలియదు. ఫోను పెట్టేసి నా వైపు తిరిగి, "ఏటీ కంగారు పడకు. రెండు స్టేషన్ల నడుమే ఉంటాది. ఎక్కడికి పోతాది? సాయానికి రిలీఫ్ బండి ఎల్తాది" అన్నారు. సముద్రంలో స్టేషన్లు ఉండవని మాకు తెలియక కాదు. బతుకంతా పట్టాల పక్కనే గడిచింది. భయం వేసినప్పుడు ఆ మాటే నోటికి వచ్చింది. నేనూ ఆ మాటే పట్టుకుని కూర్చున్నాను. బాబ్జీ ఇక లేడని తరవాత మళ్ళీ ఫోను చేసి చెప్పినా వదల్లేదు.

రైలు బండి మీద డ్యూటీ చేసేవాళ్ళ ఇళ్ళలో పెరిగినవాళ్ళకి ఈ పద్ధతి తెలుసు. మనిషి ఎప్పుడు దిగి వస్తాడో చెప్పలేం. అందుకని వాళ్ళ అన్నం కంచంలో పెట్టి, పైన ఇంకో కంచం బోర్లిస్తాం. ఆ మనిషి వచ్చి తినేదాకా అన్నం గిన్నె తోమం. గిన్నె తోమేశామంటే ఇక ఈ పూటకి ఎవరూ రారని అర్థం.

బాబ్జీ చిన్నప్పుడు మేం రైల్వే క్వార్టర్లో ఉండేవాళ్ళం. ఒకనాడు వాళ్ళ నాన్న బండి దారిలో ఆగిపోయింది. పక్కింటి గార్డు డ్యూటీ దిగి వచ్చేసరికి వాళ్ళావిడ ఊళ్ళో లేదు. మూత పెట్టిన కంచం బాబ్జీ చేతికిచ్చి, ఆ గార్డుకి పట్టుకెళ్ళమన్నాను.

"ఇది నాన్నది గదమ్మా!" అని గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు.

"నాన్న రానేదు. ఆకలేసినోడు వొచ్చినాడు. పట్టికెల్లు, ఒలిగిపోగల్దు జాగర్త!"

రెండు చేతులతో పట్టుకుని, కంచం వంకే చూసుకుంటూ వెళ్ళాడు. ఆ నడక నాకిప్పటికీ కనబడుతుంది.

వాడికి మొదటినుంచీ వంటింట్లోనే పని. నేను పోపు వేస్తే వచ్చి ముక్కు పెట్టేవాడు. వంట నేర్చుకుని ఓడ ఎక్కుతానన్నప్పుడు వాళ్ళ నాన్న కొన్నాళ్ళు మాట్లాడలేదు. ఆఖరికి ఆయనే, "నాదీ గూడ్సే, ఈడిదీ గూడ్సే. పోనీ ఎల్లనీ" అన్నారు. సెలవుకి వచ్చి తిరిగి వెళ్ళేటప్పుడు గోల్ బజార్ అంతా తిరిగి ఎండుమిర్చి, ఆవాలు, చింతపండు మూట కట్టించుకునేవాడు. చుట్టూరా ఉప్పునీళ్ళే కదా, కూరలో ఉప్పు ఎలా తెలుస్తుందిరా అని అడిగితే నవ్వేవాడు. "సముద్రం ఉప్పు సముద్రానిది. మన కూరలో మనవే ఏసుకోవాలమ్మా" అనేవాడు. ఆకలి మీద ఉన్న మనిషితో తగువు పెట్టుకోకు, ముందు పెట్టు, ఆ తరవాత తిట్టు, అని కూడా అనేవాడు. వాళ్ళ నాన్న మీద నాకు కోపం వచ్చినప్పుడల్లా ఈ మాట గుర్తుచేసేవాడు.

వాడి ఓడ మునిగిన దగ్గర్నుంచి నేను రోజూ ఒక కంచం పెట్టి మూత వేశాను. వంటింటి అరుగు మీద ఉండేది. ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. మరునాడు పొద్దున్న వీధి కుక్కకి పెట్టి, మళ్ళీ కొత్తగా పెట్టేదాన్ని. నాకు మాత్రం ముద్ద దిగేది కాదు. రాత్రి అన్నం గిన్నె తోమకుండానే పడుకునేదాన్ని.

ఈమధ్య ఒక మధ్యాహ్నం ఇద్దరు పెద్దవాళ్ళు ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. ఒకాయన భీమిలి వైపు మనిషి, ఓడ మీద సారంగు. సారంగంటే పనివాళ్ళకి పెద్ద. రెండో ఆయన కేరళ మనిషి, ఇంజనుకి నూనె వేసే పని చేసేవాడు. ఆఖరి ప్రయాణానికి ముందే ఇద్దరూ రిటైరై దిగిపోయారు. పోయినవాళ్ళ ఇళ్ళకి ఒక్కొక్కదానికీ వెళ్ళి పలకరించి వస్తున్నారట.

"ఏటి చెల్లెమ్మా, అలాగ నిలబడిపోనావు? నీ కొడుకు చేతి కూడు తిన్నోలం, లోపలికి రమ్మనవా?" అన్నాడు సారంగు.

కూర్చుని ఓడ కబుర్లు చెప్పారు. దాన్ని అందరూ ముసల్ది అనేవారట. ఒంటినిండా తుప్పు, ఎన్నిసార్లు రంగు వేసినా నిలిచేది కాదట. ఓడ ఊగితే గిన్నెలు జారిపోకుండా పొయ్యి చుట్టూ ఇనుప కమ్మీలు ఉండేవట.

"ముసల్దానికి దగ్గెక్కువ బావా" అన్నాడు సారంగు మా ఆయనతో. "నేనలాగంటే మీ బాబ్జీ ఊరుకునీవోడు కాడు. ‘నీ వయసేటి సారంగూ, దాన్నంటావు?’ అనీవోడు."

మా ఆయన నవ్వారు. ఎన్నాళ్ళకో నవ్వారు. "మా పాత ఇంజనూ అంతే. ఎత్తు ఎక్కినప్పుడల్లా దగ్గీది" అన్నారు.

తరవాత వాళ్ళు పోయినవాళ్ళని ఒక్కొక్కరినీ తలుచుకున్నారు. ఒకడు నిద్రలో పాటలు పాడేవాడట. ఒకడు కూతురి గౌను దిండు కింద పెట్టుకునేవాడట. కేరళ ఆయన తల వంచుకుని, "ఇంజన్ రూమ్ మే బహుత్ గర్మీ, అమ్మా. బాబ్జీ ఖుద్ థాలీ లేకే ఆతా థా" అన్నాడు. అంత వేడిలోకి తనే దిగి కంచం అందించేవాడట.

మంచినీళ్ళకని లేచిన సారంగు అరుగు మీది కంచం చూశాడు. "ఇదెవలది?"

మా ఆయన చెప్పారు, "బాబ్జీది."

సారంగు ఆ కంచం దగ్గరికి వెళ్ళి నా వైపు తిరిగాడు.

"చెల్లెమ్మా, డ్యూటీలో ఉన్నోడికి నీ కొడుకు అచ్చం ఇలాగే మూసి ఉంచీవోడు. ఆడు పని ఒదిలి రాలేకపోతే రేపటిదాకా ఉంచీవోడు కాడు. ఆకలేసినోడి ముందు పెట్టీసి, గిన్నె తోమీసి అప్పుడు తొంగునీవోడు. నాకూ పెట్టినాడు. ‘ఇది ఆడిది గదేటిరా’ అన్నాను. ‘ఆడు రానేదు, ఆకలేసినోడు వొచ్చినాడు, తిను. ఇది మాయమ్మ మాట’ అన్నాడు."

నా మాట సముద్రం దాకా వెళ్ళి, ఆయన నోట తిరిగి వచ్చింది.

"ఆడి డ్యూటీ అయిపోనాది చెల్లెమ్మా" అన్నాడు సారంగు మెల్లిగా. "నాకు ఆకలేస్తంది. ఆ కంచం ఇటివ్వు."

మా ఆయన గోడ వైపు తిరిగిపోయారు. నేను మూత తీశాను. పై కంచానికి పట్టిన ఆవిరి చుక్కలు నా పాదాల మీద పడ్డాయి. వంకాయ, ఎండురొయ్యల కూర. వాడికి ఇష్టమైనది. సారంగు ఇంకో మూడు కంచాలు తెమ్మని, ఆ అన్నాన్నే నలుగురికీ సర్దాడు. నన్ను కూర్చోబెట్టి, నేను ముద్ద నోట్లో పెట్టుకునేదాకా తను తినలేదు. ఏడుస్తూనే తిన్నాను. కూరలో ఉప్పు సరిపోయింది.

కేరళ ఆయన కంచం ఖాళీ చేసి, ఇంకా ఉందా అన్నట్టు నా మొహం చూశాడు. "అమ్మా, ఔర్ హై క్యా?"

"ఒరే, ఓడ దిగినా నీ కడుపు దిగనేదు గదరా!" అన్నాడు సారంగు. అందరం నవ్వాం. లేచి ఇంకో డబ్బా బియ్యం కడిగాను.

వాళ్ళు సాయంత్రం బండికి వెళ్ళిపోయారు. అన్నం గిన్నె తోమి పెరట్లో గట్టు మీద బోర్లించాను. ఇంకా కొంచెం ఎండ ఉంది. గిన్నె అంచు నుంచి నీళ్ళు ఒక్కొక్క చుక్కే జారి, గట్టు మీద తడి చారలా సాగి, చూస్తుండగానే ఆరిపోయాయి.

మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు దూరాన డ్యూటీలో ఉంటారు. వాళ్ళ వాటా తీసి మూత పెట్టండి. కానీ వాళ్ళ కోసమని మీరు పస్తు ఉండకండి. వేడివేడిగా, కడుపునిండా తినండి.