రెండోసారి అడిగే లెక్కల సారు

మా నాన్న నాకు ఫోన్ చెయ్యడు. అమ్మ చేసినప్పుడు పక్కనుంచి "తిన్నదా అడుగు" అని కేకేస్తాడు, అంతే. అందుకే మొన్న దసరా సెలవులకు ముందు, హైదరాబాదు హాస్టల్ మేడ మీద బట్టలు ఆరేస్తుంటే ఫోన్‌లో నాన్న పేరు కనిపించేసరికి, ఆరేస్తున్న చున్నీ చేత్తో పట్టుకునే ఎత్తాను. "లెక్కల సారు పోయిండమ్మా. పొద్దుగాల చాయ్ తాగి కుర్చీల కూసున్నడు, గట్లనే పోయిండు" అన్నాడు. తడి చున్నీ చేతిలోనే ఉండిపోయింది.

సారు మాకు చుట్టం కాదు. ఏన్కూరు దగ్గర మా ఊళ్ళో, మా పక్కింట్లో కిరాయికి ఉండేవారు. చర్ల అడవి పల్లెల బళ్ళలో ఏళ్ళ తరబడి లెక్కలు చెప్పి, రిటైరయ్యాక భార్యతో ఇటు వచ్చేశారు. ఆవిడను నేను పెద్దమ్మా అంటాను. ఆయన్ని మాత్రం ఊరంతా లెక్కల సారు అనే పిలిచింది. నిజం చెప్పాలంటే, ఆయన పక్కింట్లోకి దిగినప్పుడు నేను సంతోషించలేదు. నాకు లెక్కలంటే ఒళ్ళు మంట. వాటిని తప్పించుకోవడానికే ఇంటర్‌లో బైపీసీ తీసుకున్న మనిషిని నేను.

ఆయనకు రెండు అలవాట్లుండేవి. ఒకటి, భద్రాచలం బస్సు హారన్ వినిపిస్తే చాలు, తింటున్నా రాస్తున్నా లేచి వాకిట్లోకి వచ్చేవారు. ఎక్కేది లేదు, దించుకునేది లేదు. బస్సు వెళ్ళిపోయేదాకా చూసి లోపలికి పోయేవారు. అడవిలో పనిచేసినన్నాళ్ళూ ఒకటే బస్సు, అది తప్పిపోతే ఆ రోజు పోయినట్టేనట. "ఇంక ఏ బస్సు ఎక్కుతడమ్మా ఈయన" అని పెద్దమ్మ నవ్వేది. చెయ్యి కడుక్కోకుండానే గుమ్మంలో నిలబడ్డ ఆయన్ని చూసి నేనూ నవ్వేదాన్ని.

రెండో అలవాటు, పలకరింపు. మా వైపు ఒంట్లో బాగోకపోయినా, మనసు బాగోకపోయినా ఒకటే మాట, పాణం బాగలేదు అంటాం. సారు ఎవరు ఎదురైనా "పాణం ఎట్లున్నది?" అని అడిగేవారు. ఎవరైనా ఏమంటారు? మంచిగనే ఉంది సారూ అంటారు. అందరూ అక్కడితో ముందుకు కదులుతారు. సారు కదలరు. కాసేపు ఆగి, "అది నోరు చెప్పింది. పాణం?" అని రెండోసారి అడిగేవారు. తొందరలో ఉన్నవాళ్ళకు చిరాకొచ్చేది. మా నాన్నయితే ఆయన్ని దూరం నుంచి చూసి పక్క సందులోకి తిరిగేవాడు.

నా చదువు దారి మళ్ళింది ఆ రెండో ప్రశ్న దగ్గరే. ఇంటర్ మొదటి ఏడాది ఖమ్మంలో హాస్టల్లో ఉండి చదివేటప్పుడు నాకు నిద్ర పోయింది, ఆకలి పోయింది. పుస్తకం తెరిస్తే చేతులు వణికేవి. నాన్న ఇంటికి తీసుకొచ్చి దవాఖానాల చుట్టూ తిప్పాడు. రక్తం చూశారు, గుండె చూశారు, అన్నీ బాగున్నాయన్నారు. అన్నీ బాగుంటే నాకేమైనట్టు? అరుగు మీద కూర్చుని ఉంటే సారు వచ్చి పలకరించారు. మంచిగనే ఉన్నానన్నాను. రెండోసారి అడిగారు. అంతే, ఏడుపు ఆగలేదు. ఆయన నన్ను ఊరుకోమనలేదు, ధైర్యంగా ఉండమనలేదు. అక్కడే కూర్చుని, అంతా చెప్పేదాకా విన్నారు. కొన్నాళ్ళ తర్వాత ఆయనే నాన్నకు నచ్చజెప్పి, మనసుకు వైద్యం చేసే డాక్టరు దగ్గరికి పంపించారు. ఇల్లు కదలకుండా మా మండలంలోనే కాలేజీ మార్పించారు. నేను మళ్ళీ మనిషినయ్యాను.

అప్పుడే అనుకున్నాను, డిగ్రీలో సైకాలజీ చదవాలని.

ఇంట్లో చెబితే పెద్ద గొడవయింది. నాన్నకు నేను నర్సింగ్ చదవాలని ఆశ. మిరప తోట వేసే రైతు ఆయన, పురుగుకూ వానకూ భయపడి భయపడి, బిడ్డకైనా నెల నెలా జీతమొచ్చే బతుకు కావాలనుకున్నాడు. ఊళ్ళో అప్పటికే నా చదువుకు సైకో చదువు అని పేరు పడింది. "పిచ్చోళ్ల డాక్టరు చదువుతున్నదని చెప్పుకోవాల్నా? అది చదివితే జాబ్ ఏందసలు?" అన్నాడు నాన్న. అలిగి అన్నం మానేసి సారు దగ్గరికి పోయాను, నా తరఫున మాట్లాడతారని. ఆయన మాట్లాడలేదు. "ఆ చదువుల ఏమేముంటయో నీకు ఎరికేనా ముందు?" అన్నారు. నాకు తెలియదు. నాకు తెలిసిందల్లా నా ఏడుపు ఒకటే.

ఆ ఎండాకాలం మా ఇద్దరికీ అదే పని. హైదరాబాదులో లెక్చరర్‌గా ఉన్న తన పాత విద్యార్థికి సారు ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి, ఓపిగ్గా ప్రశ్న మీద ప్రశ్న అడిగారు. సైకాలజీతో పాటు ఏ సబ్జెక్టులు కలిపి తీసుకోవచ్చు, ప్రయోగాలు ఎలా చేయిస్తారు, మెదడు గురించి ఎంత ఉంటుంది. మూడేళ్ళ డిగ్రీతో ఎవరికీ వైద్యం చెయ్యలేమనీ, ఆపైన పీజీ, ఆ తర్వాత ఇంకా శిక్షణ ఉంటాయనీ అప్పుడే తెలిసింది. నా ముఖం వాడిపోయింది. సారు అదంతా, నాకు పనికొచ్చే మాటా పనికిరాని మాటా వదలకుండా, పోయి నాన్నకు చెప్పేశారు. ఎందుకు చెప్పారని నేను విరుచుకుపడితే, "అబద్ధం చెప్పి ఒప్పిస్తే ఆ ఒప్పుకోలు మూడేండ్లు నిలవదు బిడ్డా" అన్నారు.

ఆ చెప్పినదాంట్లో స్టాటిస్టిక్స్ అనే మాట నాన్న చెవిన పడింది. అంటే లెక్కలే కదా అని అడిగాడు. అవునన్నారు సారు. నాన్న హాయిగా నవ్వాడు. "దీనికి లెక్కలొస్తే నేనే తీస్కపోయి చేర్పిస్త" అన్నాడు. సారు ఆ మాట పట్టుకున్నారు. "నేను నేర్పిస్త తమ్మీ. వచ్చిందో రాలేదో నువ్వే సూడు" అన్నారు.

నాకు పాఠం మా మిరప కల్లంలోనే మొదలైంది. ఎండబోసిన కాయల్లో రంగు పోయి తెల్లబారిన వాటిని తాలు కాయలంటాం. అమ్మా నేనూ తాలు ఏరుతుంటే సారు స్కేలు పట్టుకుని వచ్చేవారు. పిడికెడు కాయలు తియ్యమని, ఒక్కోటీ కొలవమని, సగటు కట్టమనేవారు. మొదట్లో నేను కట్టిన సగటు, ఆ పిడికిట్లోని అన్నిటికంటే పొడుగు కాయను కూడా దాటిపోయింది. సారు తిట్టలేదు. ఆ కాయ వంకా నా వంకా చూసి, మళ్ళీ కట్టమన్నారు. కోపంతో, చేతుల మంటతో, కళ్ళలో నీళ్ళతో కడుతూ పోయాను. ఎప్పుడు వచ్చిందో తెలియకుండానే లెక్క వచ్చింది.

ఒక పొద్దున నాన్న కూడా కల్లంలో ఉన్నాడు. నేను సగటు చెప్పాను. సారు సరిచూసి తలూపి, "ఇగ ఆ సగటు కాయను ఏరుకొచ్చి నాకియ్యి" అన్నారు.

అదెంత పనని వెతకడం మొదలుపెట్టాను. ఒకటి కాస్త పొడుగు, ఒకటి కాస్త పొట్టి. ఒకటి కొలతకు సరిపోతే వంకర తిరిగి ఉంది. ఎండెక్కింది. నా అవస్థ చూడలేక నాన్నా దిగాడు. ఇన్నేళ్ళుగా మిరప పండిస్తున్నవాడు కదా, కాసేపటికి ఒకటి పట్టుకుని "ఇదిగో సారూ, సగటు కాయ" అని అందించాడు. సారు కొలిచారు. "పొడుగు సరిపోయింది తమ్మీ. కానీ ఇది తాలు" అన్నారు. అమ్మ పకపకా నవ్వింది. నాన్న కూడా నవ్వక తప్పలేదు.

అప్పుడు సారు నాతో అన్నారు. "సగటు కాయితం మీద ఉంటది బిడ్డా, కల్లంల ఉండదు. లెక్క నేర్సుకో, అది కావాలె. కానీ మనిషి వచ్చి నీ ముందల కూసున్ననాడు లెక్క పక్కకు పెట్టి మనిషిని సూడు."

నాన్న ఆ తాలు కాయను అటూ ఇటూ తిప్పి చూసి జేబులో వేసుకున్నాడు. ఆ సాయంత్రం అన్నం దగ్గర, నా వైపు చూడకుండా, ఆ హైదరాబాదు కాలేజీ సంగతేందో సూడుమన్నాడు.

నేను బయల్దేరిన రోజు సారు బస్సు దాకా వచ్చారు. అత్తారింటికి పంపుతున్నట్టు జాగ్రత్తలేమీ చెప్పలేదు. "బస్సు కూత ఇంటే నా కాళ్ళు ఆగవు. గదెందుకో మీ పుస్తకాలల్ల ఉంటదేమో, సూసి సెలవులకొచ్చినప్పుడు చెప్పు" అన్నారు. నాకు హోంవర్కు ఇచ్చి పంపిన లెక్కల సారు ఆయన.

అది నిజంగానే ఉంది. తిండి పెట్టే ముందల్లా గంట కొట్టి అలవాటు చేస్తే, చివరికి ఉత్త గంటకే నోరూరే కుక్కల ప్రయోగం గురించి మేడమ్ చెబుతుంటే క్లాసులో ఒక్కదాన్నే నవ్వాను. నా కళ్ళ ముందు ఎంగిలి చేత్తో గుమ్మంలో నిలబడ్డ సారు కనిపించారు. ఆయన్ని కుక్కతో పోల్చకుండా ఎలా చెప్పాలా అని రోజూ ఆలోచించాను. మాటలు కూర్చి పెట్టుకున్నాను. ఆయన ఎలా నవ్వుతారో, "గంతేనా?" అని ఎలా సాగదీస్తారో కూడా ఊహించుకున్నాను. ఫోన్లో చెప్పేస్తే పోయేది. ఎదురుగా కూర్చుని చెప్పాలన్న ఆశతో దాచుకున్నాను. సెలవులు వచ్చాయి. వినాల్సిన మనిషి లేరు. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నాకు కోపమొస్తోంది, ఎవరి మీదో తెలియదు.

నేను చేరేసరికి అంతా అయిపోయింది. పెద్దమ్మ నన్ను పట్టుకుని, "నువ్వొస్తే ఏదో చెప్తవని సూసిండమ్మా" అంది. ఆమెకే చెప్పాను ఆ పాఠం, కుక్కలతో సహా. ఏడుస్తూనే నవ్వింది.

తిరిగి హాస్టల్‌కు వచ్చిన మర్నాటి సాయంత్రం ఫోన్ మోగింది. నాన్న. పక్కన అమ్మ గొంతు లేదు.

"పాణం ఎట్లున్నదమ్మా?"

"మంచిగనే ఉంది నాన్నా."

ఇక పెట్టేస్తాడనుకున్నాను. పెట్టలేదు. ఒకప్పుడు ఆ ప్రశ్నకు జడిసి సందు మార్చిన మనిషి, గొంతు సవరించుకున్నాడు.

"అది నోరు చెప్పింది. పాణం?"

బాగలేదు నాన్నా అని మెట్ల మీద కూలబడ్డాను. ఆయన ఊరుకోమనలేదు. ఫోన్‌లోంచి భద్రాచలం బస్సు హారన్ వినిపించింది, ఆ వెంటే నాన్న చెప్పుల చప్పుడు. వాకిట్లోకి వచ్చి నిలబడ్డట్టున్నాడు. నేను ఏడుస్తూనే ఉన్నాను, ఆయన వింటూనే ఉన్నాడు. బస్సు చప్పుడు మెల్లగా దూరమైంది.