బొమ్మ కింద పేరు

మొన్న నెల్లూరులో ఆడవాళ్లు గీసిన కార్టూన్లన్నీ ఒకచోట పెడుతున్నారంటే నా బొమ్మ కూడా పట్టుకుపోయాను. ఫ్రేముకి పూసిన కొత్త వార్నీషు వాసనకి మా ఊరు మైపాడు సముద్రం ఒడ్డున బోర్లించిన పడవలకి నూనె పట్టించే రోజులు గుర్తొచ్చాయి.

అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. చలికాలం పొద్దున్నే వలలు ఒడ్డుకు చేరేవి. తడి ఇసుక మీద చేపల గుట్టలు, గంపలు పెట్టుకుని కాచుక్కూర్చున్న ఆడవాళ్ల పొగాకు వాసన, మా అవ్వ కొంగున కట్టి తెచ్చిన అరిసె ముక్క, వీటన్నిటి మీదా వేలం పాడే కోటయ్య గొంతు. పాడుతూనే ప్రతి గుట్టలోంచీ మంచి చేపనొకదాన్ని కాలి బొటనవేలితో తన గంపవైపు నెట్టుకునేవాడు. అందరికీ తెలుసు, నోరెత్తేవాళ్లు లేరు. నాకా అక్షరం రాదు. పొయ్యిలోంచి బొగ్గు తెచ్చి వేలంపాక సున్నపు గోడ మీద వరసగా నాలుగు బొమ్మలు గీశాను. మొదటిదాంట్లో కోటయ్య బొటనవేలు. రెండోదాంట్లో అది వంకాయంత, మూడోదాంట్లో పడవంత. నాలుగోదాంట్లో కోటయ్యే లేడు, వేలొక్కటే గంపెత్తుకుని ఇంటికి పోతోంది.

మర్నాడు ఆడవాళ్లు గంపలు దించి కడుపు పట్టుకుని నవ్వారు.

"చదువొచ్చినోడు మన సుబ్బయ్యే గదా, వాడే గీసినాడు" అంది ఒకామె.

సుబ్బయ్య మా చిన్నాయన. మీసం దువ్వుకున్నాడే గానీ కాదనలేదు. కోటయ్య కొడతాడన్న భయం కన్నా అదే నన్ను ఎక్కువ మండించింది.

"నేను గీసినా!" అని అరిచాను.

"పోవే! ఇది ఆడబిడ్డ గీసేదా?" అన్నాడు కోటయ్య.

బొగ్గు తీసుకుని, అందరూ చూస్తుండగా అయిదో బొమ్మ గీశాను. అదే వేలు, ఈసారి దానికి మా చిన్నాయన మీసం. పాకంతా ఘొల్లుమంది.

"కాలు ఎనక్కి తీసుకో కోటయ్యా, లేకుంటే ఆరోది కూడా గీస్తాది" అంది అవ్వ.

తీసుకున్నాడు. మళ్లీ ఆ వేలు కదలలేదు.

యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నది, బొమ్మ కింద నా పేరు నేనే రాసుకోవడానికి. మొన్న హాల్లో కొన్ని పాత బొమ్మల కింద పేరే లేదు, కొన్నిటి కింద మొగుడి పేరుంది. ఒళ్లు మండింది.

ఇప్పుడు ఆ పాక లేదు, సున్నపు గోడ లేదు, నవ్విన ఆడవాళ్లలో ఒక్కరూ మిగల్లేదు. మొన్న నా ఫ్రేము ముందు మాత్రం ఒక బడి పంతులు నిలబడి, "ఇది ఎవరు గీసిచ్చినారు అవ్వా?" అన్నాడు.

"కింద చదువు నాయనా."

"పోలమ్మ, మైపాడు."

"వినబడలా, ఇంకోసారి" అన్నాను. నాకు బాగానే వినబడింది.