చెవి పట్టి చూసిన వైద్యం

బెంగళూరులో మానసిక రోగుల నర్సింగ్ శిక్షణ ముగించుకుని ఆదిలాబాద్‌కు వస్తున్న రోజున నా తలలో ఎంత జ్ఞానం ఉందంటే, నిర్మల్ ఘాట్ ఎక్కుతున్నప్పుడు బస్సు నేను కూర్చున్న వైపే ఒరిగింది. టాపు మీద పత్తి బస్తాలు ఒక పక్కకు జరిగాయని కండక్టరు అన్నాడు. అతనికేం తెలుసు!

ఎనభైల చివరి మాట. మగ నర్సు అనే జీవిని జిల్లా ఆసుపత్రిలోని మా మానసిక వార్డుకు వచ్చేవాళ్లు అప్పటిదాకా చూసి ఎరగరు. నన్ను ఏమని పిలవాలో ఎవరికీ తోచేది కాదు. కొందరు కంపౌండర్ అన్నారు, కొందరు చిన్న డాక్టర్ అన్నారు. ఒక ముసలాయన ఎక్కడా మర్యాద తగ్గకూడదని "సిస్టరు సారూ" అని పిలిచి దండం పెట్టాడు. కరీంనగర్‌లో నన్ను కన్న మా అవ్వ మాత్రం వాడకట్టంతా తిరిగి, "మావోడు ఆదిలాబాద్ల పిస్సోళ్ల దవాఖానల ఉన్నడు" అని చెప్పుకుంది. పిచ్చాసుపత్రిలో ఉన్నాడంది గానీ, ఉద్యోగం చేస్తున్నాడన్న ముక్క కలపడం మరిచిపోయింది. ఆ ఏడాది నాకు రావలసిన పెళ్లి సంబంధాలన్నీ మా వీధి మలుపు దాకా వచ్చి అటునుంచి అటే జగిత్యాల బస్సెక్కాయి.

అందుకే నా వంట నేనే చేసుకునేవాణ్ని. నా ఉప్మాతో గోడకు పడ్డ చీలిక పూడ్చవచ్చు. ఒకసారి పూడ్చాను కూడా.

బెంగళూరు నుంచి మోసుకొచ్చిన చదువులో నాకు బాగా నచ్చినది మా మాస్టారు చెప్పిన ఒక్క మాట. "మాట్లాడని రోగిని ప్రశ్నలతో పొడవకండి. పక్కన ఊరికే కూర్చోండి. అతని మౌనంలో మీరూ కాసేపు ఉండండి." నచ్చడమైతే నచ్చింది గానీ, నేను పుట్టాక నోరు మూసుకున్న సందర్భం లేదు. నిద్రలో కూడా నేను ఎవరితోనో బేరమాడుతుంటానని మా బాపు చెప్పేవాడు. అలాంటి నాకు ఆ పద్ధతి వాడే అవకాశం ఇచ్చోడ దగ్గరి పల్లె నుంచి వచ్చింది.

వచ్చినవాడు వ్యవసాయదారుడు, నా వయసువాడే. అతని జోడెడ్లలో ఒకటి పొలాల పండుగ ముందర మేత ముట్టడం మానేసి చచ్చిపోయింది. పండుగనాడు ఊరంతా ఎడ్ల కొమ్ములకు రంగులు పూసి ఊరేగిస్తుంటే, ఇతను కొట్టంలో ఆ ఎద్దు కట్టుకొయ్య దగ్గర కూర్చున్నాడట. అక్కడినుంచి మాట పోయింది. తర్వాత తిండీ పోయింది. తల్లి తాయెత్తులు కట్టించింది, మొక్కులు మొక్కింది, చివరికి మా వార్డుకు తీసుకొచ్చింది. కొడుకు మంచం మీద గోడవైపు తిరిగి కూర్చున్నాడు. కాసిని చాయ నీళ్లు గొంతులో పడుతున్నాయి, అంతే.

మా డాక్టరుగారు కరీంనగర్ నుంచి వారానికోసారి వచ్చేవారు. పరీక్ష చేసి, ఆ చాయతోనే మింగించమని గోళీలు రాశారు. "పై వారం నేను వచ్చేసరికి తిండి ముట్టకపోతే ఇక్కడ ఉంచలేం. హైదరాబాద్ పెద్దాసుపత్రికి పంపిద్దాం" అని చెప్పి జీపెక్కారు.

జీపు దుమ్ము అణగకముందే ఆ తల్లి నా చెయ్యి పట్టుకుంది.

"మా మరిదిని గట్లనే పంపిన్రు బిడ్డా. పోయినోడు మల్ల రాలే. నా కొడుకును పంపకుండ సూడు. నీ కాళ్లు మొక్కుత."

"ఫికర్ చెయ్యకు అవ్వా, నేనున్న గదా" అన్నాను. ఆ మాట ఎంత గంభీరంగా అన్నానంటే, నాకే కాసేపు నమ్మకం కలిగింది.

మర్నాడు పొద్దున్నే స్టూలు లాక్కుని అతని పక్కన కూర్చున్నాను, నోరు మూసుకుని. లోపల మాటలు పొంగే పాలలా మూతను తన్నుతున్నాయి. కిటికీ అవతల ఒక మేక నా సైకిల్ సీటు నములుతోంది. చూశాను, అదిలించలేదు. వైద్యం మధ్యలో "హెయ్" అంటే మౌనం పగిలిపోదూ! సీటు సగమైంది.

మా వార్డు ఆయమ్మ ఆదిలాబాద్ పాతబస్తీ మనిషి. చీపురు పట్టుకుని వచ్చి నా ముందు ఆగింది.

"క్యా హువా నర్సు సాబ్? పొద్దుగాల నుంచి గప్‌చుప్ కూసున్నరు. రోజు మీ నోటికి నేను చెవులల్ల దూది పెట్టుకుంట. ఇయ్యాల ఏమైంది?"

నేను కనుబొమలు ఎగరేసి, ఇది చికిత్స అని సైగ చేశాను. ఆవిడకు అది మూర్ఛ ముందు వచ్చే లక్షణంలా కనబడింది. గ్లాసుతో నీళ్లు తెచ్చి నా మొహాన చల్లి పోయింది.

ఆ తర్వాతి రోజు నేను మాస్టారిని మించిపోయాను. రోగి తినకుండా ఉంటే నేను మాత్రం ఎట్లా తింటాను? టిఫిన్ డబ్బా మూత తీసి ఇద్దరి మధ్యా పెట్టాను. తినలేదు. అతను తిన్నాకే నేనూ తింటానని నిశ్చయించుకున్నాను. ఇది బెంగళూరులో ఎవరూ చెప్పలేదు, నా సొంత పరిశోధన. మధ్యాహ్నం దాటేసరికి నా పేగులు ఒకదానితో ఒకటి కుస్తీ పడుతున్న చప్పుడు ఆడవాళ్ల వార్డు దాకా వినబడింది. జీవితంలో మొదటిసారి నా ఉప్మా నాకు అందంగా కనిపించింది.

గోడవైపు తిరిగి ఉన్న మనిషి తల కొంచెం ఇటు తిప్పాడు. అది నా పద్ధతి గెలుపని పొంగిపోయాను. అతను చూసింది నన్ను కాదు, ముట్టని డబ్బాను.

అతని తల్లి, ఆయమ్మా తలుపు దగ్గర గుసగుసలాడుకోవడం నా చెవిన పడింది.

"మొన్న మంచిగనే ఉండె గదమ్మా గీ పిలగాడు?"

"అచ్ఛాగనే ఉండె. ఎక్కువ సదివిండు గదా, దిమాగ్ మీదికి ఎక్కింది."

"మాట లేదు, తిండి లేదు. నా కొడుకుది గీ పిలగానికి తగిలినట్టుంది. పాపం, ఎవలు కన్న బిడ్డనో!"

కాసేపటికి ఆ తల్లి పిడికిట్లో ఉప్పు, ఎండు మిరపకాయలు పట్టుకుని వచ్చి నా తల చుట్టూ తిప్పింది. "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, బెంగళూరు దిష్టి" అని నా అర్హతలన్నీ కలిపి తీసేసింది. నేను నర్సునమ్మా, రోగిని కాదమ్మా అని గట్టిగా అరవాలని ఉంది. అరిస్తే రెండు రోజుల మౌనం గంగలో కలుస్తుంది. నోరు బిగబట్టుకుని, రాతి బొమ్మలా దిష్టి తీయించుకున్నాను. వెనక వరండాలో ఆ మిరపకాయల్ని నిప్పుల మీద వేశారు. పొగ వార్డంతా నిండింది. ఒక్కరికీ దగ్గు రాలేదు. నాకొచ్చింది, మింగేశాను.

"ఘాటే లేదు సూడు! ఎంత దిష్టి తగిలిందో!" అంది తల్లి భయంగా.

అప్పుడు మంచం కిర్రుమంది. గోడవైపు మనిషి పూర్తిగా నావైపు తిరిగాడు. మీసంలోకి ఊరుతున్న నా కన్నీళ్లను చూశాడు. అవి పొగ వల్లనే అని నేను ఇప్పటికీ అంటాను. మెల్లగా చెయ్యి చాపి నా ఎడమ చెవి పట్టుకున్నాడు. తర్వాత కుడి చెవి. బొటనవేలితో నా కింది కనురెప్ప లాగి లోపలికి చూశాడు. రోగి నర్సు చెవులు పట్టుకుంటే నర్సు ఏం చెయ్యాలో బెంగళూరులో పాఠం లేదు. నేను కదలలేదు.

"అవ్వా," అన్నాడు తుప్పు పట్టిన గొంతుతో, "సారు చెవులు సల్లగున్నయ్."

తల్లి ఉప్పు చేత్తోనే నోరు మూసుకుంది.

"మేత ముట్టక ఎన్ని దినాలైంది?" అని అడిగాడు. నన్ను కాదు, ఆయమ్మను. పశువును అడిగి ఏం లాభం!

జవాబు కోసం ఆగలేదు. తల్లి మూటలోంచి జొన్నరొట్టె తీసి, తుంచి, ఎల్లిపాయ కారం అద్ది నా నోటి దగ్గర పెట్టాడు.

"తిను సారూ. మా ఎద్దు గిట్లనే జేసింది. చెవులు సల్లవడ్డంక గని నాకు ఎరుక గాలే. నేనే ఆలిస్యం జేసిన. నువ్వన్న తిను."

ఎగతాళి చెయ్యడానికి నాకు ఏమీ దొరకని ఘడియ నా ఉద్యోగంలో అదొక్కటే. నా మౌనం అక్కడితో సరి. "నువ్వు తింటెనే తింట" అన్నాను. అతను నన్ను ఓ చూపు చూసి, మొండి పశువును లొంగదీయడానికి ఇదొక్కటే దారి అన్నట్టు, ముక్క తన నోట్లో వేసుకున్నాడు. రెండోది నా నోట్లో పెట్టాడు. ఆ కారం నన్ను మూడు లోకాలు తిప్పి తెచ్చింది. తల్లి తలుపు చెక్కకు తల ఆనించి ఏడ్చింది.

అప్పటినుంచి అతనే మాట్లాడాడు. ఉట్నూర్ సంతలో ఆ ఎద్దును ఎలా ఎంచుకున్నాడో, బురదలో బండి దిగబడితే అది ఎలా మోకాళ్ల మీద లాగిందో, ఆగి ఆగి, రోజుకింత చెప్పాడు. నేను విన్నాను. వినక తప్పదు, నా నోటి నిండా అతని రొట్టె ఉండేది.

డాక్టరుగారు వచ్చిన రోజున తల్లి పొద్దుటి నుంచి నా స్టూలు వెనకే నిలబడింది. ఆయన అడగకముందే కొడుకు దండం పెట్టాడు.

"నేను మంచిగనే ఉన్న సారూ, తింటున్న. గీ సారునే జర హైదరాబాద్ పంపి సూపియ్యుండ్రి. నేను పెడితెనే తింటడు. లేకుంటె డబ్బ ముందల పెట్టుకోని సూసుకుంట కూసుంటడు."

డాక్టరుగారు కళ్లద్దాల పైనుంచి నన్ను చాలాసేపు చూశారు. "గోళీలు పట్టినయ్" అన్నారు. అదీ నిజమే. ఇంటికి పంపమని, నెల నెలా వచ్చి మందు తీసుకుపొమ్మని రాశారు. నా మౌనచికిత్స గురించి వివరించడం మొదలుపెట్టాను. ఆయన జీపెక్కినా ఆపలేదు. జీపు పక్కన గేటు దాకా నడుస్తూ చెప్పాను.

అతను నెల నెలా వచ్చాడు. గోళీలకు చెయ్యి చాపేముందు కౌంటరు మీదుగా వంగి నా చెవులు పట్టి చూసేవాడు. "ఎచ్చగనే ఉన్నయ్" అని తృప్తిపడి, అప్పుడు మందు తీసుకునేవాడు. వెనక వరుసలో కొత్తగా వచ్చినవాళ్లు ఇక్కడి పద్ధతి ఇదే కాబోలనుకున్నారు. ఒక పెద్దమనిషి చీటీ నా చేతికిచ్చి, రెండు చేతులతో నా చెవులు పట్టుకుని, ఇంకేం చెయ్యాలన్నట్టు నిలబడ్డాడు.

ఇచ్చోడ మనిషి వెళ్తూ వెళ్తూ ఆగి అతనికి నేర్పాడు. "గట్ల గుంజద్దు కాకా. మెల్లగ ముట్టాలె. మనిషి బెదురుతడు."