పెంకు మీద మా బావ పేరు

మా బావ స్మికిథస్‌కు ఒకటే కోరిక. ఏథెన్సు జనం తనను ఊళ్లోంచి తరిమెయ్యాలి.

నవ్వకండి. మా ఊళ్లో ముష్టివాళ్లను తరమరు. ఎవడైనా మరీ పెద్దవాడైపోయి, రేపో మాపో నేనే రాజునంటాడేమోనని భయం పుడితే, జనమంతా సంతలో చేరి కుండపెంకుల మీద వాడి పేరు గీకి పడేస్తారు. ఎక్కువ పెంకులు పడ్డవాడు పదేళ్లు ఊరు విడవాలి. ఇల్లూ పొలమూ ఎవరూ ముట్టరు, పరువుకూ ఢోకా లేదు. పైగా తరతరాలు చెప్పుకుంటారు. మట్టి ప్రమిదలు చేసి అమ్ముకునే మా బావకు ఈ మర్యాద కావలసివచ్చింది. ఉట్టికి ఎగరలేనమ్మ స్వర్గానికి ఎగిరిందట!

దానికోసం వెయ్యని వేషం లేదు. జుట్టు పెంచాడు. ఊదారంగు అంచున్న పైబట్ట కప్పాడు. మడతపీట మోయడానికి ఒక బానిసను అద్దెకు తెచ్చి వెనకాల నడిపించాడు. నేను ఎదురుపడి పలకరిస్తే ఆకాశంలోకి చూసేవాడు. జనం తనను చూసి భయపడుతున్నారా అని మా అక్క మిర్తలేను రోజూ అడిగేవాడు.

"నిన్ను తరమడానికి ఊరంతా ఎందుకయ్యా, చీపురు పట్టుకుంటే నేనొక్కదాన్ని చాలనూ?" అనేది అక్క.

ఆ ఏడు పెంకులు వేసే రోజు వచ్చింది. పోటీ ఇద్దరి మధ్యే. ఫేనిప్పస్ అనే డబ్బున్నవాడు ఓడలేసుకుని థ్రేసు మీదికి యుద్ధానికి పోదామని గొంతు చించుకుంటున్నాడు. సభలో వాడికి అడ్డుపడేది యూథిడికస్ అనే పెద్దాయన ఒక్కడే. ఫేనిప్పస్ పోతే మాలాంటివాళ్లం ఆలివ్ కాయలు గానుగాడుకుంటూ ఇంటిపట్టున ఉంటాం. వాడుంటే తెడ్లు పట్టాలి, పరాయి ఒడ్డున చావాలి. అందుకని ఫేనిప్పస్ పోవాలి. నాకు కావలసింది అంతే.

నాకు అక్షరం ముక్క రాదు. మా వీధిలో సగంమంది అంతే. బావకు వచ్చు. పచ్చి ప్రమిదల అడుగున మేకుతో పేర్లు గీకే అలవాటు. ఆ పొద్దున సంత వాకిట్లో మడతపీట వేసుక్కూర్చున్నాడు. ఏనాడూ ఎవడికీ ఒక వత్తి కూడా ఊరికే ఇవ్వని మనిషి, అడిగినవాడికల్లా నవ్వుతూ రాసిపెడుతున్నాడు. అప్పుడే నాకు అనుమానం రావద్దూ!

"ఎవరి పేరు, బావమరిదీ?"

"ఇంకెవరిది బావా, ఆ ఫేనిప్పస్‌గాడిదే. లోతుగా గీకు. వాడి ఒళ్లు మండాలి."

"నీ మాట కాదంటానా!" అని నాలుక బయటపెట్టి మరీ శ్రద్ధగా గీకాడు.

నా పెంకు మా ఆవిడ పగలగొట్టిన కూజాది. దాని మీద కోడిపుంజు ఎర్రతోక ఉంది. సంత చుట్టూ కట్టిన కంచె లోపలికి విసిరి, అథీనా తల్లికి దండం పెట్టుకుని నిలబడ్డాను.

పేరుకో కుప్పగా పోసి లెక్క తేల్చారు. దండోరా మనిషి గట్టు మీదికెక్కాడు. "యూథిడికస్ ఊరు విడవాలి!"

ఫేనిప్పస్ కొద్ది పెంకుల తేడాతో బయటపడ్డాడట. దండోరా మనిషి మూడో కుప్పలోంచి ఒక పెంకు తీసి అటూ ఇటూ తిప్పాడు.

"స్మికిథస్... ఎవడయ్యా ఈ స్మికిథస్?"

"నేనే! నేనేనండీ!" బావ జనాన్ని తోసుకుంటూ పరిగెత్తాడు.

సంతంతా ఘొల్లుమంది. నాకు నవ్వు రాలేదు. ఆ కుప్పలో నా కోడిపుంజు తోక కనిపించింది. "అది నా పళ్లెం ముక్కరోయ్!" అని పక్కన చేపలవాడు నెత్తి బాదుకున్నాడు. నేను వెళ్లి బావ మెడ పట్టుకున్నాను.

"నీ చేతులు పడిపోనూ! మేం రాయమన్న పేరేంటి, నువ్వు రాసిందేంటి?"

"కోప్పడకు బావమరిదీ. ఫేనిప్పస్‌కి ఎలాగూ బోలెడు పడతాయనుకున్నా. నాకు కాసిని పడితే ఎవరికి నష్టం?"

యూథిడికస్ గాడిద మీద మూటలేసుకుని వెళ్లిపోయాడు. తర్వాతి సభలో ఫేనిప్పస్ ఓడలన్నాడు. కాదనే నోరు లేదు. చూస్తుండగానే మా వీధి వీధంతా ఓడెక్కింది. అక్క రేవు దాకా వచ్చి, "మొత్తానికి ఊరు నిన్ను సాగనంపింది కదయ్యా, ఇప్పుడు సంతోషమేనా?" అని బావను అడిగి, ముఖం తిప్పుకుని ఏడ్చింది.

చేపలవాడు థ్రేసు ఒడ్డున బాణం తగిలి పోయాడు. యూథిడికస్ మాత్రం ఆర్గోస్‌లో అత్తిచెట్టు నీడన కాళ్లు చాపుకుని కూర్చున్నాడట. తరిమేసినవాడు అలా ఉన్నాడు, తరిమినవాళ్లం ఇలా ఉన్నాం. ఓడలో నాది అడుగు బల్ల, బావది నా పై బల్ల. వాడు తెడ్డు లాగి వెనక్కి వాలినప్పుడల్లా వాడి పిర్రలొచ్చి నా ముక్కుకు తగులుతాయి. పైగా మాకు పూటపూటా ఉల్లిపాయలే తిండి.

నిన్న పైనుంచి తల వంచి అంటాడూ, "ఎంతైనా బావమరిదీ, ఊరు మొత్తానికి మూడోవాణ్ణి కదూ?"

నేను నోరు తెరిచేలోగా తెడ్ల మేస్త్రి కర్రతో బల్ల బాదాడు. "ఎవడ్రా అక్కడ, తెడ్డు ఆపింది?"

"స్మికిథస్ అండీ! కుమ్మరివాడ స్మికిథస్‌ని, మా నాన్న పేరు..."

"నీ పేరెవడడిగాడ్రా? లాగు!"

బావ లాగాడు. పిర్రలొచ్చి నా ముక్కుకు తగిలాయి.