చిన్నాన్న మూసేసిన కిటికీలు

ఈ ఉదయం పదింటికి నాకు డిగ్రీ వచ్చేసింది. పట్టా చేతికి రావడానికి ఇంకా టైముంది కానీ, యూనివర్సిటీ వాళ్ల పేజీలో నా పేరు పక్కన పాస్ అని కనిపించింది, అది చాలు. మా ఇంట్లో అప్పటిదాకా డిగ్రీలు లెక్కపెట్టింది జ్వరం వచ్చినప్పుడే. నలభై నాలుగేళ్లదాన్ని, లిఫ్టులో ఎవరూ లేరు కదా అని ఎగిరి గంతేశాను. కింద కాఫీ అమ్మే ఆంటీకి చెప్పేశాను. చెప్పాక గుర్తొచ్చింది, ఆవిడకి నా పేరు కూడా తెలీదని. ఆ ఊపులోనే రిటైరై విశాఖలో ఉన్న చిన్నాన్నకి ఫోన్ చేసి "పాసైపోయాను" అన్నానో లేదో, అటు నుంచి ఇంత పెద్ద తుమ్ము. శుభమా అని చెబితే తుమ్మేమిటని నేను ఆగిపోయాను. ఆయనే నవ్వుతూ, "తుమ్ము పడింది కదేటే, సత్యం! ఇంకెవడూ కాదన్లేడు" అన్నాడు. ఫోన్ పెట్టేశాక కూడా ఆ తుమ్ము చెవిలోనే ఉంది. ఎందుకంటే ఒకప్పుడు మా ఇంట్లో రోజూ దానితోనే తెల్లవారేది.

చిన్నాన్న అంటే నాన్నకి సొంత తమ్ముడు. ఇరవై ఏళ్లు ఒక ఎడారి నగరంలో క్రేన్ నడిపాడు. ఎడారిలో తుమ్ములేమిటని మేం నవ్వేవాళ్లం. ఇసుక వల్ల కాదట. అక్కడ రోడ్ల పక్కన వరసలు వరసలుగా ఖర్జూరం చెట్లు పెంచారట. చలి తగ్గి అవి పూతకొస్తే, గాలంతా కంటికి కనిపించని పుప్పొడి. ఆ రెండు మూడు నెలలూ ఆయన కళ్లు ఎర్రగా, ముక్కు పండు మిరపకాయలా ఉండేదట. తోటివాళ్లతో కలిసి దానికో పద్ధతి కనిపెట్టుకున్నాడు. కిటికీ సందులన్నిటికీ పార్సిల్ టేపు వేసెయ్యాలి. ఫ్యాన్ ముందు తడి తువ్వాలు కట్టాలి. ఉతికిన బట్టలు బయట ఆరేస్తే పుప్పొడి అంటుకుంటుంది కాబట్టి గదిలోనే తాడు కట్టి ఆరెయ్యాలి. పొద్దునే ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కోవాలి. ఆ పద్ధతి ఆయన్ని ఇరవై ఏళ్లు కాపాడింది. అందుకే మేముండే ఈ వానల ద్వీప దేశంలో, తువాస్ షిప్‌యార్డ్‌లో ఉద్యోగం వచ్చి, పాసిర్ రిస్‌లో మా ఫ్లాట్‌లోని చిన్న గదిలోకి దిగినప్పుడు, పెట్టెలో బట్టల మధ్య రెండు టేపు చుట్టలు కూడా వచ్చాయి.

ఇక్కడ మా స్టేషన్ రైలుకి ఈ చివర, తువాస్ ఆ చివర. ఎక్కేది మొదట, దిగేది ఆఖర్న. "దేశమంతా దాటి వెళ్లి పని చేసుకొస్తన్నాను, పాస్‌పోర్టు అడగట్లేదు" అని మురిసిపోయేవాడు. అలా ఫిబ్రవరి వచ్చింది. ఒక పొద్దున్న నాలుగు తుమ్ములు తుమ్మి, "సూసావా, మొదలైపోయింది" అన్నాడు, ఎదురుచూస్తున్న చుట్టం వచ్చినట్టు. సాయంత్రానికి గది కిటికీలన్నీ టేపుతో బిగిసిపోయాయి. ఇక్కడ ఖర్జూరం చెట్లు లేవు చిన్నాన్నా అంటే, "సెట్టు లేని ఊరుంటాదేటి? ఏదో ఒకటి పూస్తాది" అన్నాడు. ఇరవై ఏళ్ల అనుభవం ముందు నేనెంత? నేనే స్టూలెక్కి పై సందులకి టేపు అందించాను. తడి తువ్వాలు ఆరినప్పుడల్లా మళ్లీ తడిపి కట్టింది కూడా నేనే. మా ఆయన ఒకసారి ఆ గదిలోకి తొంగిచూసి, "ఇందులో చేపలు పెంచొచ్చు" అనేసి తలుపు వేసేశాడు.

తుమ్ములు తగ్గలేదు, పెరిగాయి. పెరిగేకొద్దీ ఆయన ఇంకో వరస టేపు వేసేవాడు. ఒకరోజు యార్డులో, క్రేన్‌కి ఉక్కు పలక వేలాడుతుండగా వరసగా ఏడు తుమ్ములు వచ్చాయట. వెంటనే ఆపేశాడు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. కానీ కింద సూపర్‌వైజర్ చూశాడు. తుమ్ములకిచ్చే మాత్రలు నిద్రమత్తు, అవి వేసుకుని క్రేన్ ఎక్కకూడదు, తుమ్ముతూ అసలే ఎక్కకూడదు. రెండు వారాల్లో డాక్టర్ పరీక్ష, అందులో తప్పితే క్రేన్ దిగి స్టోర్‌లో నట్లు బోల్టులు ఇచ్చే పని. ఆ సాయంత్రం చిన్నాన్న అన్నం కలుపుకుని అలాగే కూర్చున్నాడు. "ఇన్నేళ్లు పైనుంచి సూసినోణ్ణి, గుంటా. ఇప్పుడు కిందన నిలబడి నట్లు అందించమంటే ఎలగ?" అన్నాడు. నేను లేచి, ఫ్యాన్ దగ్గరికి వెళ్లి తువ్వాలు తడిపి కట్టాను.

అప్పట్లో నేను సైన్స్ పార్క్‌లో ఒక ల్యాబ్‌లో గాజు సామాను కడిగేదాన్ని. ఇంటర్‌తో ఆగిపోయిన చదువుకి అదే గొప్ప. ఆ మర్నాడు క్రిముల్ని పెంచి చూసే మూతల పళ్లాలు పారెయ్యడానికి సర్దుతుంటే ఒకదాని మూత ఊడింది. లోపల పచ్చటి నూగు బూజు. వాసన గుప్పుమంది. అచ్చం చిన్నాన్న గది వాసన! అక్కడ పనిచేసే మేడమ్‌ని భయపడుతూ అడిగాను, బూజు వల్ల కూడా తుమ్ములొస్తాయా అని. ఆవిడ నవ్వలేదు. గది సంగతంతా అడిగి, బూజుకి మేత పోసిన కొత్త పళ్లాలు రెండిచ్చి, "ఒక గంట మూత తీసి ఉంచు. తర్వాత అతికించేసి మళ్లీ తెరవకు. నాలుగు రోజులాగి చూడు" అంది.

ఒకటి ఆయన గదిలో పెట్టాను. ఇంకొకటి కిటికీలు తీసి ఉండే మా గదిలో. నాలుగో రోజు రెండూ ఆయన ముందు పెట్టాను. మాదాంట్లో అక్కడొక చుక్క, ఇక్కడొక చుక్క. ఆయనదాంట్లో పళ్లెమంతా పచ్చటి గొంగళి పరిచినట్టు ఉంది.

"ఇదేటే, ఇడ్లీ పిండి సెడిపోయిందా?"

"నీ గదిలో గాలి చిన్నాన్నా."

ఆయన తన పళ్లెం ఎత్తి, తిప్పి తిప్పి చూశాడు. తర్వాత లేచి, బీరువా ఒక్కడే పక్కకి లాగాడు. వెనక గోడ కూడా అదే పచ్చ. "అక్కడ ఎడారిలో గాలి ఎండిపోయుండేది. తడి తగిలితే హాయిగుండేది" అన్నాడు మెల్లగా. ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. రోజూ ఆ తడిని తెచ్చిపెట్టింది నా చేతులే. తనే టేపు లాగడం మొదలుపెట్టాడు. టేపుతో పాటు గోడ రంగు కూడా ఊడొచ్చింది. "రంగుదేటుంది, ఏసుకుందుం" అన్నాడు, పీకుతూనే. ఆ వారమంతా గోడలు కడిగాం, పరుపు ఎండలో వేశాం, ఆయన చొక్కాలు మొదటిసారి కిటికీ బయట వెదురు గడ మీద రెపరెపలాడాయి.

పరీక్ష రోజు డాక్టర్ నిద్ర పట్టించని ముక్కు మందొకటి రాసిచ్చి, పది రోజులు చూసి క్రేన్ ఎక్కొచ్చని సంతకం పెట్టాడు. పదకొండో రోజు ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా, "ఎక్కేసాను! రెండే తుమ్ములు, రెండూ కిందకొచ్చాకే" అని అరిచాడు. అన్నం తింటూ అడిగాడు, "ఆ పళ్లాల్లో పెరిగేదాని గురించి సదూకోడానికి ఇక్కడ కాలేజీ ఉంటాదా?"

"నాకు ముప్పై ఆరు చిన్నాన్నా."

"నా క్రేన్‌కి అంతకన్నా ఎక్కువే. పని మానేసిందేటి?"

సాయంత్రం క్లాసులు, ముందు డిప్లొమా, మధ్యలో ఒక సబ్జెక్టు రెండుసార్లు తప్పడం, ఆ తర్వాత డిగ్రీ, ఇదంతా ఎప్పుడు జరిగిందంటే చెప్పలేను. ఏడాది పొడుగునా ఒకే ఎండ, ఒకే వాన ఉండే ఈ ఊళ్లో కాలం కదిలినట్టే తెలీదు. ఎనిమిదేళ్లు గడిచాయని క్యాలెండర్ అంటోంది కానీ, నాకైతే ఆ రాత్రి అన్నం దగ్గర నుంచి లేచి, చెయ్యి కడుక్కుని వచ్చినట్టే ఉంది.