గుండె బరువు అంటే

ఆదివారం ఉదయం రౌస్ హిల్ స్టేషన్‌లో మెట్రో కోసం నిలబడి ఉండగా ఆంటీ కూతురు ఫోన్ చేసింది. ఈ దేశంలోనే పుట్టిన పిల్ల. తెలుగు అర్థమవుతుంది కానీ జవాబెప్పుడూ ఇంగ్లీషులోనే. ఆ రోజు మాత్రం తెలుగులో, "అక్కా, అమ్మ పోయింది" అంది. రెండు రైళ్లు వచ్చి వెళ్లినా నేను ఎక్కలేకపోయాను.

బ్రిస్బేన్‌లో నర్సింగ్ చదివేటప్పుడు స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో ఆంటీ వాళ్లింట్లో రెండేళ్లు అద్దెకున్నాను. ఆవిడ ఒంగోలు వైపు మనిషి. ఇంగ్లీషు రాని మనవాళ్లకీ ఆసుపత్రి డాక్టర్లకీ మధ్య మాట చేరవేసే ఇంటర్‌ప్రెటర్. పని నుంచి రాగానే ఇంటి ముందు కారు ఆపి, పది నిమిషాలు అందులోనే కూర్చునేవారు. ఎందుకని అడిగితే, విన్నవన్నీ అక్కడే వదిలి రావాలి కదా అనేవారు. ఏ రోగి సంగతీ గడప దాటి లోపలికి తెచ్చేవారు కాదు.

మాటలు మాత్రం తెచ్చేవారు. చపాతీలు ఒత్తుతూ, నీరసాన్ని ఇంగ్లీషులో ఏమంటావు, ఒళ్లు వెచ్చబడితే జ్వరమేనా అని అడిగేవారు. నేను టక్కున చెబితే నవ్వి, అంత తొందరగా వచ్చిందంటే ఇంకోసారి చూసుకో అనేవారు.

చదువులో భాగంగా ఆసుపత్రిలో పని నేర్చుకునే ప్లేస్‌మెంట్‌లో ఉండగా, కూతురి కాన్పుకని మన దేశం నుంచి వచ్చిన ఒక పెద్దావిడను నీరసంగా ఉందని మా వార్డులో చేర్చారు. భర్త పోయి ఏడాదయిందట. కళ్లు తుడుచుకుంటూ, "గుండె బరువుగా ఉందమ్మా" అంది. ఇంటర్‌ప్రెటర్ ఇంకా రాలేదు. ఏమంటోందని నర్సు నన్నడిగింది. బాధగా ఉందట, ఇంటిమీద బెంగట అని చెప్పేశాను. నర్సు అదే రాసుకుని వెళ్లిపోయింది.

అరగంటకు వచ్చిన ఇంటర్‌ప్రెటర్ మా ఆంటీయే. డాక్టరు అడిగితే పెద్దావిడ మళ్లీ ఆ మాటే అంది. దీనికి రెండర్థాలున్నాయి, ఏ అర్థమో అడగనివ్వండని ఆంటీ డాక్టరుకు చెప్పి, ఆవిడ వైపు తిరిగారు.

"అమ్మా, ఆ బరువు మనసులోనా, రొమ్ము మీదా?"

ఆవిడ రొమ్ము మధ్యన అరచెయ్యి పెట్టుకుంది. "ఇక్కడమ్మా. రోలు పెట్టినట్టుంది. ఎడం చెయ్యి కూడా లాగతా ఉంది."

నిమిషాల్లో మెషిన్ తెచ్చి తీగలు తగిలించారు. గుండెపోటే. సమయానికి తెలిసింది కాబట్టి ఆవిడ బతికింది.

ఆ సాయంత్రం నేను చేసింది చెప్పుకుని వంటింట్లో ఏడుస్తుంటే, ఆంటీ అప్పుడు కూడా రోగి ఊసెత్తలేదు. "నువ్వు అబద్ధం చెప్పలా అమ్మాయ్. తిరిగి అడక్కుండా చెప్పావు. తెలీని మాటైతే ఎవరో ఒకర్ని అడుగుతాం. బాగా తెలిసిన మాట దగ్గరే మోసపోతాం" అన్నారు. జరిగింది సూపర్‌వైజర్‌కు నేనే చెప్పాలన్నారు. మర్నాడు వెళ్లి చెప్పాను. గట్టిగానే చీవాట్లు పడ్డాయి. నర్సుగా ఇన్నేళ్లలో నొప్పి గురించి ఒక్కసారి అడిగి ఊరుకున్నది లేదు.

ప్లేస్‌మెంట్ ఆఖరి రోజున ఆంటీ పని మరోసారి చూశాను. మంచం మీదున్న ముసలాయన్ని వదిలేసి, కుర్ర డాక్టరొకాయన ఆంటీ ముఖంలోకే చూస్తూ మాట్లాడుతున్నాడు. ఆంటీ చప్పుడు కాకుండా కుర్చీ వెనక్కి జరుపుకుని, ముసలాయన భుజం వెనక్కి చేరి, అక్కణ్నుంచే మెల్లగా తెలుగులో చెబుతున్నారు. కాసేపటికి డాక్టరు చూపు ముసలాయన ముఖం మీదికి వచ్చి అక్కడే ఆగింది.