గుట్ట దాటిపోయిన జింక

పోయిన నెలలో మా ఆవిడ మేనల్లుడు రెడ్‌మండ్ నుంచి నన్ను చూడటానికి వచ్చాడు. చూడటానికి అన్నాను గానీ, అసలు నా పాత రైఫిల్ కోసం వచ్చాడని కాసేపటికే తెలిసిపోయింది. వాడు ఈ దేశంలోనే పుట్టి పెరిగినవాడు, ముప్పై దాటినవాడు, ఈమధ్య తూర్పు వాషింగ్టన్ బయళ్లలో తండ్రితో కలిసి జింకల వేటకి వెళ్తున్నాడట. కాఫీ తాగుతూ ఫోన్ నా ముందుకు జరిపి, "ఇది చూడు మామయ్యా, స్కోప్‌కే ఫోన్ అటాచ్ చేశాను, బుల్లెట్ వెళ్లేది కూడా కనిపిస్తుంది," అన్నాడు.

బూడిదరంగు గుట్ట, దాని మీద అడ్డంగా నిలబడిన జింక, ఆ జింక వైపు నీటి మీద అలలా గాలిని కదిలిస్తూ వెళ్లిన ఒక చిన్న గీత, తర్వాత దాని భుజం అదరడం. అక్కడ వాడు వేలు పెట్టి వీడియో ఆపాడు. మళ్లీ వెయ్యమన్నాను. మళ్లీ వేశాడు. నాకు నచ్చిందనుకుని మూడోసారి కూడా వేశాడు. నచ్చడం కాదు. అన్నేళ్లు వేటకి వెళ్లి కూడా తూటా తగిలే ఆ క్షణాన్ని నేను ఒక్కసారీ చూడలేదు.

మన తరం తెలుగువాళ్లలో తుపాకీ పట్టినవాళ్లు తక్కువ కాబట్టి ఇది కొంచెం వివరంగా చెప్పాలి. చాలా దూరం కొట్టే రైఫిల్ పేలినప్పుడు భుజాన్ని వెనక్కి తంతుంది. ఆ తన్నుకి కన్ను గురి మీద నుంచి తప్పిపోతుంది. మళ్లీ కుదురుకుని చూసేసరికి అక్కడ జింక ఉండదు, లేదా పరుగెత్తుతూ ఉంటుంది. కొట్టినవాడికే ఏమైందో తెలియదు. అందుకని పక్కన ఇంకొక మనిషి మూడుకాళ్ల దుర్భిణి పెట్టుకుని బోర్లా పడుకుంటాడు. అతను చూస్తాడు. తగిలిందా అని కొట్టినవాడు అడుగుతాడు. అతను ఏం చెబితే అదే జరిగినట్టు.

నేను మైనింగ్ ఇంజనీరుగా వయోమింగ్ వచ్చిన రోజుల్లో మా ఊళ్లో ఇంకో తెలుగు కుటుంబం లేదు. బొగ్గు గనిలో నాతో పనిచేసే ఫోర్‌మన్ నన్ను మొదటిసారి వేటకి తీసుకెళ్లాడు. అక్కడ అడవి అంటూ లేదు. కనుచూపు మేర ఎండుగడ్డి, మోకాలెత్తు సేజ్ పొదలు, గుట్టలు, వాటి మధ్య ఎండిపోయిన వాగులు. దాక్కోవడానికి చెట్టు లేదు కాబట్టి జింక మనల్ని మైలు దూరం నుంచే చూస్తుంది. మ్యూల్ డీర్ అంటారు వాటిని, చెవులు కంచరగాడిద చెవుల్లా పెద్దవి, మనిషి దగ్గినా అటు తిరుగుతాయి. దగ్గరికి పోవడం కుదరని చోట దూరం నుంచే కొట్టాలి, దూరం నుంచి కొట్టినప్పుడు తప్పు జరగడానికి చోటు ఎక్కువ.

రైఫిల్ ఇంట్లోకి రానివ్వడానికి మా ఆవిడ ఒకే షరతు పెట్టింది. ఆవిడకి మాంసం పట్టింపు లేదు, ధనియాలు వేయించి పొడి కొట్టి జింక మాంసం వండితే మా ఫోర్‌మన్ రెండోసారి అడిగి పెట్టించుకునేవాడు. కానీ దెబ్బ తగిలినదాన్ని కొండల్లో వదిలేసి మాత్రం ఇంటికి రాకూడదు అంది. ఎందుకు అని అడిగితే, "దానికి కారణం కూడా చెప్పాలా అండీ?" అంది. ఆ తర్వాత ప్రతి ఏడూ నేను వేట నుంచి రాగానే, మాంసం తెచ్చినా ఉత్తచేతులతో వచ్చినా, గుమ్మంలోనే నిలబెట్టి, "ఏమీ వదిలేసి రాలేదు కదా?" అని అడిగేది. లేదు అన్నాకే తలుపు పూర్తిగా తీసేది.

ఆవిడ తమ్ముడు, అంటే నా బావమరిది, ఈ మేనల్లుడి తండ్రి, మా ఇంట్లోనే ఉండి ఇక్కడ చదువుకున్నాడు, తర్వాత డెన్వర్‌లో ఉద్యోగం చేశాడు. ప్రతి అక్టోబర్‌లో నాలుగు రోజులు సెలవు పెట్టి నాతో వేటకి వచ్చేవాడు. తుపాకీ ముట్టేవాడు కాదు. "కొట్టే పాపం మీది, చూసే పుణ్యం నాది," అనేవాడు. అయితే అతని కళ్ల లాంటి కళ్లు నేను చూడలేదు. గడ్డి వంగడం చూసి, దుర్భిణిలో ఎండ మిలమిల ఎటు పారుతోందో చూసి గాలిని అంచనా కట్టేవాడు. గాలి గంటకి ఇన్ని మైళ్లని చెప్పడం మానేసి మా ఇద్దరికే అర్థమయ్యే లెక్కలో చెప్పేవాడు. "కుడి నుంచి గాలి బావా, అక్క అలిగినంత, ఎక్కువ లేదు." గట్టిగా వీస్తే, "ఇది అక్క కోపం, ఆగండి." ఆ లెక్క ఎప్పుడూ తప్పలేదు. గుమ్మంలో అక్క అడిగే ప్రశ్నకి నాకంటే ముందు అతనే, "ఫ్లాస్కు మర్చిపోయాం అక్కా, అది తప్ప ఏమీ వదల్లేదు," అని ఆట పట్టించేవాడు.

మా ఇద్దరికీ ఒక అలవాటు ఉండేది. గురి తప్పిందని అతను చెప్పినా సరే, జింక నిలబడిన చోటికి నడిచి వెళ్లి, నేల మీద నెత్తురు గానీ వెంట్రుకలు గానీ ఉన్నాయేమో చూసి వచ్చేవాళ్లం. అతన్ని అనుమానించి కాదు. ఆ షరతుకి అది సగం జవాబు కాబట్టి.

నా గుండెకి స్టెంట్ వేసిన ఏడు కూడా వేటకి వెళ్లాం. డాక్టరు నడవమన్నాడు, మా ఆవిడ నడవమంది, అయినా ఆవిడ తమ్ముణ్ణి పక్కకి పిలిచి ఏదో చెప్పడం నేను చూశాను. మూడో రోజు మధ్యాహ్నం ఒక లోతైన వాగుకి ఇవతలి గట్టు మీద పడుకుని ఉన్నాం. అవతలి గుట్ట మీద పెద్ద మగజింక పొదల్లోంచి లేచి నిలబడింది. నాలుగు వందల గజాలు పైమాటే, మాకు అది బాగా దూరం. "అక్క అలిగినంత, ఎడమ నుంచి," అన్నాడు. కొట్టాను. రైఫిల్ తన్నింది. కుదురుకుని చూసేసరికి జింక గుట్ట మీదుగా పైకి పోతోంది.

"తగిలిందా?" అన్నాను.

"లేదు బావా. పైనుంచి పోయింది. వెనకాల దుమ్ము లేచింది."

"సరిగ్గా చూశావా?"

"నేను చూడకపోతే ఎవరు చూస్తారు?"

వెళ్లి చూద్దాం అని లేచాను. వాయవ్యం వైపు మంచు మబ్బు నల్లగా కిందికి దిగుతోంది. అక్కడి బంకమట్టి తడిసిందంటే టైర్లకి పట్టుకుని బండి కదలదు. "దుమ్ము లేవడం కళ్లారా చూశాను బావా, ఇంకేం చూస్తారు? బండి ఇరుక్కుంటే అక్క నన్ను చంపుతుంది," అన్నాడు. అవతలి గుట్ట వైపు ఒకసారి చూసి, అతని మాట మీద బండెక్కాను. హైవే మీద పెట్రోలు బంకు దగ్గర నేను పెట్రోలు కొట్టిస్తుంటే అతను దూరంగా వెళ్లి ఫోన్ మాట్లాడాడు. ఆలస్యమవుతుందని అక్కకి చెప్పానన్నాడు.

ఇంటికి వెళ్లేసరికి మా ఆవిడ తలుపు పూర్తిగా తీసి ఉంచింది. నా చేతిలో సంచి అందుకుని, "కాళ్లు కడుక్కు రండి, చారు వేడిగా ఉంది," అంది. నేనే, "ఏమీ తగల్లేదు," అన్నాను. ఊ అంది. ఉత్తచేతులతో వచ్చాం కదా, ఇంకేం అడుగుతుంది అనుకున్నాను. ఇంతకు ముందు ఉత్తచేతులతో వచ్చినప్పుడు కూడా అడిగేదన్న సంగతి నాకు అప్పుడు తట్టలేదు.

తర్వాత కూడా కొన్నేళ్లు వేటకి వెళ్లాను. ఆవిడ మళ్లీ ఎన్నడూ అడగలేదు. ఇన్నాళ్లకి నా మీద నమ్మకం కుదిరిందనుకున్నాను. పైకి అనలేదు గానీ ఆ సంతోషాన్ని చాలా కాలం మనసులో దాచుకున్నాను. పెళ్లయి ముప్పై ఏళ్లు దాటిన మనిషికి భార్య దగ్గర ఇంకా కొత్తగా సంపాదించుకునేది ఏముంటుంది అంటారేమో, నాకు అది ఉండింది.

ఆవిడ పోయినప్పుడు పన్నెండో రోజు కార్యం ఇంట్లోనే చేశాం. పురోహితుడు డెన్వర్ నుంచి వచ్చాడు. భోజనాల దగ్గర ఎవరికి తోచినట్టు వాళ్లు ఆవిడ గురించి మంచి మాటలు చెప్పుకుంటున్నారు. ఒకావిడ ఆవిడ చేతి ఆవకాయ గురించి చెప్పింది. నా బావమరిది కళ్లు తుడుచుకుని, మా అక్క నోట్లో మాట దాగినట్టు ఇంకెక్కడా దాగదు అని మొదలుపెట్టాడు. "బావ కొట్టిన జింకకి దెబ్బ తగిలింది. నేను చూశాను. చెబితే స్టెంట్ వేసిన గుండెతో, ఆ మంచులో, ఆ లోయలో దిగుతాడు, ఆగడు. తగల్లేదని చెప్పేశాను. బంకులోంచి ఫోన్ చేసి జరిగింది చెప్పి, అక్కా, ఇవాళ మాత్రం బావని ఏమీ అడక్కు అన్నాను. చచ్చేదాకా అడగలేదండీ. అదీ మా అక్క." అందరూ తలలూపారు. ఎవరో, "అదృష్టవంతులండీ మీరు," అని నా వైపు చూశారు.

నేను మజ్జిగ పోసుకుని అన్నం ముగించాను. తర్వాత గరాజ్‌లో కుర్చీలు మడత పెడుతుంటే అతన్ని అడిగాను, ఎక్కడ తగిలింది అని.

"వెనక కాలు బావా. పైన. పొట్టకి దగ్గరగా."

"ఎంతసేపు చూశావు?"

"గుట్ట దాటేదాకా." ఇంకో కుర్చీ మడిచి గోడకి ఆనించాడు. "ఇప్పుడెందుకవన్నీ? మీరు క్షేమంగా ఇంటికి వచ్చారు. మాకు అంతే కావాలి."

ఆ మాకు అన్న మాటలో అక్కా తమ్ముడూ ఉన్నారు. నేను లేను. అలాంటి దెబ్బ తిన్న జింక వెంటనే చావదని అతనికి తెలుసు, నాకూ తెలుసు, ఆవిడకీ తెలుసు. ఫోన్ పెట్టేశాక చారు వేడి చేస్తూ, నేను వచ్చేదాకా ఆవిడ వంటింట్లో ఏం ఆలోచించి ఉంటుందో నేను ఊహించగలను. అడిగితే నేను లేదు అని నిజాయితీగా అబద్ధం చెబుతాను. అది వినలేక అడగలేదేమో. ఒకసారి అలా ఊరుకున్నాక మళ్లీ అడిగే హక్కు లేదనుకుందేమో. పోయినవాళ్లతో పోట్లాడటం ఎలాగో నాకు తెలియదు. ఉన్నవాడితో పోట్లాడితే పోయినావిడని కూడా అన్నట్టవుతుంది. అందుకని ఆదివారాలు అతను ఫోన్ చేస్తే బీపీ గురించి, వాతావరణం గురించి మాట్లాడతాను.

ఆ మరుసటి వేసవిలో ఒక్కణ్ణే ఆ గట్టు దగ్గరికి వెళ్లాను. వాగులోకి దిగి, అవతలి గుట్ట ఎక్కి, ఆ జింక నిలబడిన చోటు ఇదేననిపించిన దగ్గర కాసేపు నిలబడ్డాను. గడ్డి తప్ప ఏమీ లేదు, ఉంటుందని కూడా అనుకోలేదు. ఆయాసం వచ్చింది గానీ ఎక్కలేనంత కొండ కాదు అది. మంచు పడే రోజున ఎక్కగలిగేవాణ్ణా అంటే చెప్పలేను. ఆ మాట తేల్చుకునే అవకాశం నాకు ఇచ్చి ఉండాల్సింది. ఆ తర్వాత నేను వేటకి వెళ్లలేదు.

మేనల్లుడి సంగతికి వస్తాను. రైఫిల్ బయటికి తీసి నూనెగుడ్డతో తుడుస్తూ, వీడియోలో జింక దొరికిందా అని వాణ్ణి అడిగాను. వాడు నన్ను వింతగా చూశాడు. "ఆఫ్‌కోర్స్ మామయ్యా. దొరక్కపోతే డాడ్ ఊరుకోడు. క్లియర్‌గా మిస్ అని వీడియోలో కనిపించినా అక్కడిదాకా నడిచి, గ్రౌండ్ చెక్ చేసి రావాల్సిందే. ఫస్ట్ ఇయర్ నన్ను స్నోలో చీకటి పడేదాకా తిప్పాడు. అక్కడ ఏమీ లేదు డాడ్ అంటే వినడు. ఎందుకు అంటే, ఇది మీ మామయ్య రూల్ అంటాడు."

వాడు నవ్వుతూ చెప్పాడు. నా బావమరిది మర్చిపోలేదన్నమాట. ఆ అలవాటు విలువ అతనికి తెలియక కాదు. కొడుకుని నమ్మి మంచులో నడిపించాడు. నన్ను నమ్మలేదు. ఇది విన్నాక నా మనసు తేలిక పడాలి, కొంత పడింది కూడా. కానీ ఆ వెంటనే ఇంకో చోట బరువెక్కింది.

రైఫిల్ వాడికి ఇచ్చాను. దుర్భిణి కూడా తీసుకుంటావా అంటే, "అది ఇప్పుడు అవసరం లేదు మామయ్యా, ఫోన్ అంతా రికార్డ్ చేస్తుంది," అన్నాడు. నిజమే. ఇప్పుడు తగిలిందా అని పక్కవాణ్ణి అడగక్కర్లేదు, పక్కవాడు చెప్పింది నమ్మక్కర్లేదు, నమ్మి మోసపోనూ అక్కర్లేదు. మా కాలంలో ఇది ఉంటే ఎంత బాగుండేది అని మీరనవచ్చు. నేనూ అనుకుని చూశాను. కానీ నాకు కావలసింది ఫోన్‌లో బొమ్మ కాదు. ఆ గట్టు మీద నా పక్కన పడుకున్న మనిషి గొంతు. తగిలింది బావా, వెనక కాలు, చెడ్డ దెబ్బ, లేవండి వెళదాం, అని ఆ గొంతు అని ఉంటే చాలు. ఎంత ఆలస్యమైనా ఇంటికి వెళ్లి, గుమ్మంలో ఆవిడ అడిగేదాకా నిలబడి, లేదు అని చెప్పి ఉండేవాణ్ణి.